విరోధం కాదు, విరోధాభాసం

“ఐన్‌స్టీన్ అంతటివాడే అన్నాడు కదండీ, అంతా సాపేక్షమేనని! ఎవరి సత్యం వారిది.” బెంగుళూరు కానివ్వండి, బరంపురం కానివ్వండి, షోలాపూరు కానివ్వండి, తెలుగువారి సభ జరిగితే ఈ మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. దాని వెనకే రెండో మాట: “ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నదే.” వక్త కాస్త పుస్తకాలు తిరగేసినవారైతే మూడో మాట కూడా ఉంటుంది: “కవలల కథ దగ్గర ఆ సిద్ధాంతం బోర్లా పడింది. ఆ సంగతి వాళ్ళు పైకి చెప్పరు.”

ఒకరు పొగుడుతున్నారు, ఒకరు తమదంటున్నారు, ఒకరు కొట్టిపారేస్తున్నారు. కాని ముగ్గురూ చేయని పని ఒకటే. లెక్క వేయలేదు.

నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. పట్టాతో బ్యాంకులో చేరి జమాఖర్చుల మధ్య తల నెరిసినవాణ్ణి. “నీకెందుకయ్యా ఈ గొడవ?” అనేవారికి నా జవాబు: ఇది జమాఖర్చుల గొడవే కనుక. దీనికి కావలసింది కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం, ఒక్క వర్గమూలం. ఆమాత్రం పదో తరగతి పిల్లలకు వచ్చు.

మొదటి మాట సంగతి చూద్దాం. 1905లో ఐన్‌స్టీన్ “అంతా సాపేక్షం” అనలేదు. రెండు సంగతులు మారవని పట్టుబట్టాడు. ఒకటి, మారని వేగంతో సూటిగా పోతున్నవారందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటే. రెండు, శూన్యంలో కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. దీపం పట్టుకున్నవాడు పరుగెత్తినా, చూసేవాడు పరుగెత్తినా అది మారదు. ఈ రెండూ కదలవు కాబట్టే దూరమూ కాలమూ సర్దుకోవలసి వచ్చింది. “అంతా సాపేక్షం” అనేవారు రెండు గుంజలూ పీకేసి, పందిరి బాగుందంటున్నారు.

కూడిక ఎక్కడ చెడింది?

కోరమండల్ ఎక్స్‌ప్రెస్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతోంది. పెట్టెలో ఒకడు ఇంజను వైపు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడు. గట్టుమీద నిలుచున్నవాడికి అతని వేగం 105. ఇది తప్పంటే నమ్మబుద్ధి కాదు. తప్పే, కాని ఎంత తప్పు? ఆ మనిషి ఏడాది పొడుగునా ఆగకుండా నడిచినా మన లెక్కకూ అసలు లెక్కకూ తేడా మిల్లీమీటరులో రెండువేలో వంతు కూడా రాదు. పైసలు వదిలేసి రూపాయల్లో లెక్క చూసుకున్నట్టు మనం ఇన్నాళ్ళూ బతికాం. దానివల్ల ఏ నష్టమూ రాలేదు.

అసలు సూత్రం ఇది. వేగాలను కాంతివేగంలో భిన్నాలుగా రాసుకోవాలి. రెంటినీ కూడాలి. ఆ మొత్తాన్ని, ఒకటికి ఆ రెంటి లబ్ధం కలపగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. 0.6, 0.6 తీసుకుంటే కూడిక 1.2, భాగించవలసింది 1.36తో. వచ్చేది 15/17, అంటే 0.88 చిల్లర. కాంతివేగం దాటలేదు. ఒకటి కాంతే అయితే 1.6ను 1.6తో భాగించాలి, వచ్చేది 1. కాంతికి ఎంత కలిపినా కాంతే.

పండగ అమ్మకాల్లో “50 శాతం తగ్గింపు, దానిపై మరో 50 శాతం” అని బోర్డు కడితే చీర ఉచితంగా ఇస్తారని ఎవరూ అనుకోరు. తగ్గింపు 75 శాతమే. సూత్రం అచ్చంగా ఇదే కాదు కాని నీతి ఇదే: ఒకదానిమీద ఒకటి పడే శాతాలను ఉత్త కూడికతో చూడకూడదు.

ఇది కాగితంమీద పుట్టిన ముచ్చట కాదు. ఐన్‌స్టీన్ పుట్టడానికి 28 ఏళ్ళ ముందే, 1851లో, ఫ్రాన్సులో ఫిజో పారే నీటిలోకి కాంతిని పంపి చూశాడు. నీటి వేగం మొత్తం కాంతికి కలవాలి కదా? కలవలేదు. అందులో సగం కంటే తక్కువే, సుమారు 44 శాతం, కలిసింది. ఎందుకో అర్ధ శతాబ్దం పాటు సరిగా తేలలేదు. 1907లో మాక్స్ ఫాన్ లావే పై సూత్రంలో ఆ అంకెలు వేసి చూపాడు. సరిపోయింది. 1964లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, దాదాపు కాంతివేగంతో పోతున్న పయాన్ కణాలు విడిచిన కిరణాల వేగం కొలిచారు. ఉత్త కూడికైతే కాంతివేగానికి ఇంచుమించు రెట్టింపు రావాలి. వచ్చింది కాంతివేగమే.

ఉత్తరాల లెక్క

ఇప్పుడు కవలల దగ్గరికి వద్దాం. 1964 నాటి సినిమా పుణ్యమా అని మనకు కవలలంటే రాముడు, భీముడు. రాముడు ఇంటిపట్టున ఉంటాడు. భీముడు కాంతివేగంలో 0.6 వంతు వేగంతో వ్యోమనౌకలో పోతాడు. అంత వేగం ఇవాళ మన నౌకలకు లేదు. లెక్కకు ఆ అభ్యంతరం లేదు. విడిపోయేటప్పుడు ఇద్దరి గడియారాల్లోనూ సున్నా.

తన గడియారంలో ఏడాది నిండగానే రాముడు రేడియోలో ఒక ఉత్తరం పంపాడు. రేడియో తరంగం పోయేది కాంతివేగంతోనే. భీముడు దూరమవుతున్నాడు గనక ఉత్తరం ఆలస్యంగా, అతని గడియారంలో 2 ఏళ్ళు అయ్యేసరికి అందిందనుకుందాం. అందగానే అతను జవాబు పంపాడు. అది రాముడికి ఎప్పుడు చేరుతుంది? ఇద్దరూ సమానులే అన్నది మొదటి నియమం. రాముడి 1 భీముడికి 2 అయితే, భీముడి 2 రాముడికి 4 కావాలి.

రాముడి పుస్తకం చూడండి. పంపింది 1వ ఏట, జవాబు వచ్చింది 4వ ఏట. పోనురాను 3 ఏళ్ళు. పోవడానికి ఏడాదిన్నర. అంటే ఉత్తరం అందినప్పుడు భీముడు ఒకటిన్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు, రాముడి లెక్కలో అప్పటికి రెండున్నరేళ్ళు అయింది. 1.5ను 2.5తో భాగిస్తే 0.6. మనం మొదట అనుకున్న వేగమే వచ్చింది, కాబట్టి ‘రెండింతలు’ అన్న అంచనా సరిపోయింది. కాని భీముడి గడియారంలో అప్పుడు ఉన్నది 2. రాముడి లెక్కలో 2.5. ‘కాలం నెమ్మదించడం’ అని జనం భయపడేది ఈ అరకు! మంత్రం లేదు, మాయ లేదు. కాంతివేగం అందరికీ ఒకటేనని ఒప్పుకున్నందుకు కట్టవలసిన రుసుము అది.

ఈ పద్ధతితోనే వేగాల కూడిక కూడా తేలుతుంది. అదే క్షణంలో బయలుదేరి, భీముడికంటే ముందుగా, అతని లెక్కలో 0.6 వేగంతో పోయే మరో నౌక ఉందనుకోండి. రాముడి ఉత్తరం భీముడి దగ్గర రెండింతలు, అక్కడినుంచి ఆ నౌకకు మళ్ళీ రెండింతలు: మొత్తం నాలుగింతలు. రాముడు 1వ ఏట పంపితే ఆ నౌక జవాబు 16వ ఏట వస్తుంది. దూరం 7.5, కాలం 8.5. భాగిస్తే 15/17. సూత్రం చెప్పిన అంకే. వేగాలు కూడవు, ఈ ‘ఇంతలు’ హెచ్చవుతాయి. బారువడ్డీ కాదు, చక్రవడ్డీ. కాంతివేగం అందుకోవాలంటే ఆ ‘ఇంతలు’ అనంతం కావాలి. పరిమిత సంఖ్యలను ఎన్నిసార్లు హెచ్చవేసినా అనంతం రాదు.

ఇక తిరుగు ప్రయాణం. రాముడి లెక్కలో 5 ఏళ్ళు పోయి, 3 కాంతి సంవత్సరాల దూరంలో భీముడు నౌకను వెనక్కి తిప్పాడు. అప్పటికి అతని గడియారంలో 4 ఏళ్ళు. వచ్చేటప్పుడూ అంతే. ఇంటికి చేరేసరికి రాముడికి 10 ఏళ్ళు, భీముడికి 8 ఏళ్ళు గడిచాయి. ఇద్దరూ తమ గడియారంలో ఏడాదికొక ఉత్తరం పంపుతూనే ఉన్నారు. లెక్కపెడదాం.

భీముడు పోతున్న 4 ఏళ్ళలో అతనికి రెండేళ్ళకొకటి చొప్పున 2 ఉత్తరాలు అందాయి. తిరిగి వస్తున్నప్పుడు నిష్పత్తి తలకిందులవుతుంది, ఆరు నెలలకొకటి. 4 ఏళ్ళలో 8. మొత్తం 10. రాముడికి? భీముడు వెనుదిరిగిన కబురు 3 ఏళ్ళు ప్రయాణించి 8వ ఏట గాని చేరదు. ఆ 8 ఏళ్ళలో రెండేళ్ళకొకటి చొప్పున 4. మిగిలిన 2 ఏళ్ళలో ఆరు నెలలకొకటి చొప్పున 4. మొత్తం 8.

రాముడు పంపినవి 10, భీముడికి అందినవి 10. భీముడు పంపినవి 8, రాముడికి అందినవి 8. రెండు పుస్తకాలూ టాలీ అయ్యాయి. దారిలో చిక్కుకున్న పద్దు ఒక్కటీ లేదు. ఇద్దరూ సమానులైతే ఒకడే ఎందుకు చిన్నవాడయ్యాడంటారా? సమానత్వం ఎక్కడ తప్పిందో ఉత్తరాలే చెబుతున్నాయి. వెనుదిరిగింది భీముడు, అతనికి ఉత్తరాల జోరు తన ప్రయాణంలో సరిగ్గా సగం దగ్గర మారింది. కదలని రాముడికి అది 10 ఏళ్ళలో 8వ ఏట మారింది.

పైథాగరస్ సిద్ధాంతం గుర్తున్నవారికి ఇంకా చిన్న దారి ఉంది. 5 ఏళ్ళు, 3 కాంతి సంవత్సరాలు. నేలమీదైతే 25కు 9 కలుపుతాం. కాలంతో లెక్క గనక ఇక్కడ తీసివేయాలి. 16 మిగులుతుంది. వర్గమూలం 4. నేలమీద వంకర దారికి దూరం ఎక్కువ. కాలంలో వంకర దారికి వయసు తక్కువ.

ఏ తేదీ నాటికి?

సిద్ధాంతం బోర్లా పడిందనేవారి వాదానికి ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన పేరు హెర్బర్ట్ డింగిల్. అనామకుడు కాడు, 1951 నుంచి 1953 వరకు ఇంగ్లండులో రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీకి అధ్యక్షుడు, సాపేక్షతమీద తానే పాఠ్యగ్రంథం రాసినవాడు. తరువాత ఎదురు తిరిగి, సిద్ధాంతంలో విరోధం ఉందని, శాస్త్రజ్ఞులు జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నారని ఏళ్ళతరబడి పోరాడి, 1972లో ఒక పుస్తకం కూడా వేశాడు. ఆయన ప్రశ్న: రాముడి లెక్కలో భీముడి గడియారం నెమ్మది, భీముడి లెక్కలో రాముడి గడియారం నెమ్మది, రెండూ ఒకేసారి ఎలా నిజం?

మంచి ప్రశ్నే. కాని జవాబు రాలేదన్నది అబద్ధం. పరిణామవాది డార్విన్ మనుమడు, భౌతికశాస్త్రజ్ఞుడు చార్లెస్ గాల్టన్ డార్విన్ 1957లోనే నేచర్ పత్రికలో ఈ సంకేతాల లెక్క పద్ధతినే చూపాడు. హెర్మన్ బాండీ 1964లో సామాన్యుల కోసం పుస్తకం రాశాడు. జవాబును ఒప్పుకోకపోవడం వేరు, జవాబే లేదనడం వేరు.

బ్యాంకువాడిగా నా జవాబు ఇది. ఏ నిల్వ చెప్పినా “ఏ తేదీ నాటికి?” అని అడుగుతాం. తేదీ లేని నిల్వకు అర్థం లేదు. భీముడు వెనుదిరిగే ముందు క్షణంలో, అతని పుస్తకం ప్రకారం ఇంటి దగ్గర రాముడి గడియారంలో 3.2 ఏళ్ళు. వెనుదిరిగిన మరుక్షణం, రాక పుస్తకం ప్రకారం 6.8 ఏళ్ళు. పోక పుస్తకం ముగింపు నిల్వ 3.2, రాక పుస్తకం ప్రారంభ నిల్వ 6.8. దూరాన ఉన్నచోట ‘ఇప్పుడు’ అనే తేదీ వేగంతోబాటు మారుతుంది కాబట్టి ఆ రెండు పుస్తకాల తేదీ ఒకటి కాదు. డింగిల్ బాటలో నడిచేవారు పోకకు 3.2, రాకకు 3.2 వేసి 6.4 అంటారు. మధ్యలో పడిపోయిన 3.6ను చూడరు. అది కలిపితే 10. ఈపాటి సమన్వయం చేయకుండా సంతకం పెట్టిన గుమాస్తాను ఏ ఆడిటరూ వదలడు.

మన అలంకారశాస్త్రంలో దీనికి పేరే ఉంది. పైకి విరుద్ధంగా తోచి, అర్థం తెలియగానే విరోధం తొలగిపోతే అది విరోధాభాసం. చక్కని మాట. దాన్ని ఆభాసం దగ్గర ఆపక విరోధం చేసేశారు కొందరు.

గడియారాలు కూడా సాక్ష్యం చెప్పాయి. 1971లో హేఫెలె, కీటింగ్ అనే ఇద్దరు అమెరికన్లు సీజియం గడియారాలను మామూలు విమానాల్లో పెట్టి భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా పోయినవి సెకనులో వందకోట్లో వంతుల లెక్కన 59 వెనకబడ్డాయి, పడమరగా పోయినవి 273 ముందుకు పోయాయి. వేగం, ఎత్తు, రెంటి ప్రభావాన్నీ కలిపి సిద్ధాంతం చెప్పినదానితో, పొరపాటుకు ఇవ్వవలసిన హద్దుల్లో, సరిపోయింది. 1977లో సెర్న్ వారు మ్యూయాన్ కణాలను వలయంలో గిరగిర తిప్పిన ఫలితం ప్రకటించారు. నిలిచి ఉంటే సగటున సెకనులో పదిలక్షల వంతులు 2.2 మాత్రమే బతికేవి, 29 రెట్లు బతికాయి. బయలుదేరినచోటికే మళ్ళీ మళ్ళీ వచ్చిన భీముళ్ళవి.

అంత దూరం పోనక్కరలేదు. కోలారు బంగారు గనులున్న నేల మనకు కొత్తది కాదు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ప్రాంతం. 2001లో గనులు మూతపడ్డాయి. అంతకు చాలా ముందు, 1950ల నుంచి, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ గనుల లోతుల్లో విశ్వకిరణాల మ్యూయాన్లను లెక్కించారు. ఆ కణాలు పుట్టేది మన నెత్తిన సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున. వాటి ఆయుష్షుకు, కాంతివేగంతో పోయినా, సగటున 660 మీటర్లు దాటకూడదు. దాటి, నేలకు చేరి, రాతిలోకి కూడా దిగాయి. బండను చీల్చింది వాటి శక్తి. అందాకా బతికించింది భీముడి లెక్కే.

పురాణం మాట

ఇక రెండో మాట. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి కథ ఉంది. కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి ఆ రాజు బ్రహ్మలోకం పోతాడు. అక్కడ గానం ముగిసేదాకా ఆగుతాడు. ఈలోగా భూమిమీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. మనోహరమైన కథ. మనసులో ఎంచిపెట్టుకున్న రాకుమారులే కాదు, వారి మనుమల పేర్లు కూడా మిగలలేదని విన్నప్పుడు ఏ అధికారికైనా గర్వం దిగుతుంది. ఆ కథ చెప్పదలచింది అది.

కాని అందులో వేగం ఏది? వేగం పెరిగితే తేడా ఎంత పెరగాలో చెప్పే నియమం ఏది? తప్పయితే తప్పని తేల్చే పరీక్ష ఏది? కకుద్మి కాలం మారింది లోకం మారినందుకు. భీముడి కాలం మారింది దారి మారినందుకు. రెంటినీ ఒకటనడం శాస్త్రానికి అన్యాయం, కథకు అంతకంటే అన్యాయం. వ్యాసుడికి ఐన్‌స్టీన్ సిఫారసు ఉత్తరం అక్కరలేదు.

1920లో కలకత్తాలో సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా ఏం చేశారో గుర్తు చేసుకోండి. ఇద్దరికీ ముప్పై ఏళ్ళు లేవు. ఐన్‌స్టీన్, మిన్కోవ్‌స్కీ పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి విశ్వవిద్యాలయం చేత అచ్చు వేయించారు. “మన దగ్గర ఉన్నదే” అని చేతులు కట్టుకు కూర్చోలేదు. అంతా వేదాల్లోనే ఉందనే ధోరణిని సాహా తరువాతి కాలంలో ఘాటుగా ఎండగట్టాడు. ఎండగట్టింది ఏ భాషలో అనుకున్నారు? బెంగాలీలో. తనవాళ్ళతో తగాదా తన భాషలోనే పెట్టుకున్నాడు.

నా గోడంతా ఇక్కడే ఉంది. సొంత రాష్ట్రాల్లో తెలుగుకు బడి ఉంది, కచేరీ ఉంది. బయట ఉన్న మనకు ఇల్లు, సభ, ఇలాంటి చిన్న పత్రిక తప్ప వేరే చోటు అంతగా లేదు. మన పిల్లలు లెక్కలు, భౌతికశాస్త్రం కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో, ఎక్కువగా ఇంగ్లీషులోనో చదువుతారు. అందుకు వారిని తప్పుపట్టను. కాని ఆదివారం సభకు వచ్చిన పిల్లవాడు, బళ్ళో సోమవారం తప్పని తేలే మాటను తెలుగులో వింటే ఏమనుకుంటాడు? నిజం చెప్పడానికి ఒక భాష, గొప్పలు చెప్పడానికి ఇంకొక భాష అనుకుంటాడు. ఆ అభిప్రాయం ఒకసారి పాతుకున్నాక ఎన్ని పద్యపోటీలు పెట్టినా వాడు తిరిగి రాడు. భాష పోవడానికి పరభాషలవారు కారణమని నిందించుకుంటాం. తర్కించడం మానేసిన భాషను పిల్లలు వదిలేస్తారన్న సంగతి మాత్రం మాట్లాడం.

తెలుగులో ఈ లెక్క కుదరదనేవారు పై పేరాలు మళ్ళీ చదవండి. అసలు, వడ్డీ, నిల్వ, పద్దు, ఉత్తరం, పోనురాను: మన మాటలే సరిపోయాయి. ఎక్కడైనా అంకె తప్పితే పెన్సిలుతో దిద్ది ఈ పత్రికకు పంపండి. ఆ తగాదా నాకు సంతోషం.

ఇకమీదట వేదికమీద ఎవరైనా ఐన్‌స్టీన్ పేరెత్తితే, పెద్దలయినా సరే, మర్యాదగానే మూడు ప్రశ్నలు వేయండి. ఎంత వేగం, అండీ? ఎవరి గడియారం, అండీ? ఏ తేదీ నాటికి? జవాబు వస్తే వినండి. రాకపోతే, తరువాతి అంశానికి వెళ్ళమని అధ్యక్షులవారిని కోరండి.